కొనడం మానేసిన జనం కథ పరీక్షలో వస్తే: వినియోగదారుల ఉద్యమాల పేసేజీలకు జవాబు పట్టే పద్ధతి

ఏదో ఊళ్లో సరుకు ధర పెరుగుతుంది. లేదా కొత్త పన్ను పడుతుంది, అన్యాయమైన నియమం వస్తుంది. కొనేవాళ్లు ఒక్కటై కొనడం మానేస్తారు. కొన్నాళ్లకు ఏదో ఒక ఫలితం వస్తుంది. ఈ అచ్చులో ఉన్న చరిత్ర పేసేజీలు బడి పరీక్షల నుంచి ఉద్యోగ పరీక్షల దాకా కనిపిస్తూనే ఉంటాయి. విదేశీ వస్త్ర బహిష్కరణ, ఉప్పు సత్యాగ్రహం, అమెరికాలో మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ, ఇంగ్లండులో పంచదార మానేసిన కుటుంబాలు, న్యూయార్క్‌లో మాంసం కొనని గృహిణులు, అన్నీ ఈ కోవలోవే. కథ సులువుగా అర్థమైపోతుంది. మార్కులు పోయేది కూడా అందుకే. అర్థమైందన్న ధీమాతో వాక్యాన్ని వదిలేసి, మనసులో మిగిలిన కథను బట్టి జవాబు గుర్తిస్తారు.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు చదివే తెలుగు పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగ పరీక్షలో ఇంగ్లిష్. ఒడిశా ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో మొదటి భాషగా తెలుగు ఎంచుకోవచ్చు, రెండో భాష ఇంగ్లిష్. కేంద్ర స్థాయి టెట్ అయిన సీటెట్ భాషల జాబితాలోనూ తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. అంటే ఒకే అభ్యర్థి ఒకే పూట రెండు భాషల్లో పేసేజీలు చదవాలి. చదివే పద్ధతి ఏ భాషకైనా ఒకటే. మాటల దగ్గర మాత్రం ఒడియా ప్రభావం ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో విడిగా చూసుకోవాలి. అది కిందే ఉంది, దాటేయకండి.

ముందు ఆరు గళ్లు గీయండి

చిత్తు కాగితం మీద, అది ఇవ్వకపోతే రాయడానికి అనుమతి ఉన్న ఖాళీ జాగాలో, ఆరు చిన్న గళ్లు వేసుకోండి. మొదటి గడిలో సరుకు, పాత ధర, కొత్త ధర. రెండో గడిలో పెంచింది ఎవరు, అమ్మింది ఎవరు. మూడో గడిలో కొనడం మానింది ఎవరు. నాలుగో గడిలో వాళ్లు చేసిన పనులు. అయిదో గడిలో ఎదుటివాళ్లు చేసింది: పోలీసులు, కోర్టు, పత్రికలు, కంపెనీలు. ఆరో గడిలో ముగింపు, తేదీతో సహా. ఒక్కో గడికి రెండు మూడు మాటలు చాలు.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది రెండో గడిలో. పెంచినవాడూ అమ్మినవాడూ ఒకడే అనుకుంటాం. సంతలో ఉల్లిపాయల ధర పెరిగితే ఎదురుగా కనిపించే చిల్లర బేరగాడి మీదే కోపం వస్తుంది. అతనికి సరుకు వేసిన టోకు వ్యాపారి, ఆ పైన గోదాము యజమాని మన కంటికి కనిపించరు. ప్రశ్న తయారుచేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే 'ధర పెరుగుదలకు కారకులు ఎవరు', 'ఉద్యమం ఎవరికి వ్యతిరేకంగా మొదలైంది' అనే ప్రశ్నల్లో చిల్లర వ్యాపారి పేరును ఒక ఐచ్ఛికంగా తప్పక పెడతారు. ఉప్పు సత్యాగ్రహంలో పన్ను వేసింది ప్రభుత్వం, అంగట్లో అమ్మేవాడు కాదు. మాంట్‌గోమరీలో బస్సు నడిపింది కంపెనీ, కానీ నల్లజాతివారిని విడిగా కూర్చోబెట్టే నియమం వెనుక ఉన్నది నగర, రాష్ట్ర చట్టాలు. ఈ తేడా గడిలో రాసుకుంటే జవాబు దానంతటదే తేలుతుంది.

చదివే వరస

ప్రశ్నలు ముందు చదవాలా, పేసేజీ ముందు చదవాలా అని చాలామంది అడుగుతారు. ప్రశ్నల మొదటి వాక్యాలు మాత్రం ముందు చదవండి, ఐచ్ఛికాలు చదవకండి. నాలుగు ఐచ్ఛికాల్లో మూడు తప్పులే. వాటిని ముందే చదివితే ఆ తప్పుడు సంగతులు బుర్రలో కూర్చుని, పేసేజీలో ఉన్నట్టే తోస్తాయి.

తర్వాత పేసేజీని ఒక్కసారి ఆగకుండా చదవండి. పెన్సిలుతో మూడింటికే గుర్తు పెట్టండి: అంకెలు, పేర్లు, మలుపు మాటలు. తెలుగులో 'కానీ, అయితే, అయినా, అప్పటికీ, తప్ప' మలుపు మాటలు. ఇంగ్లిష్‌లో 'బట్, హవెవర్, ఆల్దో, డిస్పైట్, అన్‌లెస్' కోసం చూడండి. ఉద్యమాల పేసేజీల్లో అసలు జవాబు తరచూ మలుపు మాట తర్వాతి వాక్యంలోనే ఉంటుంది. ముందు వాక్యం ప్రయత్నం చెబుతుంది, తర్వాతి వాక్యం ఫలితం చెబుతుంది. అంతా గీతలు కొట్టేస్తే ఏదీ గుర్తు కాదు. వాక్యాలకు వాక్యాలు గీసే అలవాటు ఉంటే మానుకోండి.

మూడోది, ప్రతి ప్రశ్నకూ మళ్లీ పేసేజీలోకి వెళ్లండి. ఏ వాక్యం మీద ఆధారపడి జవాబు గుర్తించారో వేలు పెట్టి చూపగలగాలి. చూపలేకపోతే ఆ జవాబు ఇంకా జవాబు కానట్టే.

ఒక పేసేజీ, దాని ప్రశ్నలు

కింది గద్యం మీద పద్ధతి అంతా వాడి చూద్దాం.

"1902 మే నెలలో న్యూయార్క్ నగరంలోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో కోషర్ మాంసం, అంటే యూదు మతాచారం ప్రకారం కోసిన పశుమాంసం ధర పౌనుకు 12 సెంట్ల నుంచి 18 సెంట్లకు పెరిగింది. అక్కడ ఉండేవాళ్లలో ఎక్కువమంది తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదు కార్మిక కుటుంబాలవారు. ఆచారం పాటించేవారు కాబట్టి వేరే రకం దుకాణంలో మాంసం కొనే వీలు వారికి లేదు. చిల్లర మాంసం దుకాణదారులు మొదట తామే అమ్మకాలు ఆపి టోకు కంపెనీల మీద ఒత్తిడి తేవాలని చూశారు. కానీ ధర దిగకుండానే దుకాణాలు మళ్లీ తెరిచారు. అప్పుడు గృహిణులు రంగంలోకి దిగారు. మే 15న వేలాదిమంది వీధుల్లోకి వచ్చి, దుకాణాల ముందు నిలబడి, కొనవద్దని వచ్చేవారిని కోరారు. కొన్నిచోట్ల మాంసాన్ని వీధిలోకి విసిరేశారు. పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. వారిలో ఎక్కువమంది మహిళలే. తర్వాతి రోజుల్లో మహిళలు ఇంటింటికీ తిరిగారు, ప్రార్థనా మందిరాలకు వెళ్లి పురుషుల మద్దతు అడిగారు. ఉద్యమం బ్రూక్లిన్‌కూ హార్లెంకూ పాకింది. జూన్ 5న బహిష్కరణ ముగిసేనాటికి ధర పౌనుకు 14 సెంట్లకు దిగింది."

గళ్లు ఇలా నిండుతాయి. ఒకటి: కోషర్ మాంసం, 12 నుంచి 18. రెండు: టోకు కంపెనీలు, చిల్లర దుకాణాలు. మూడు: యూదు గృహిణులు. నాలుగు: దుకాణాల ముందు నిలబడటం, మాంసం విసరడం, ఇల్లిల్లూ తిరగడం, ప్రార్థనా మందిరాలు. అయిదు: అరెస్టులు. ఆరు: జూన్ 5, 14 సెంట్లు.

*మొదటి ప్రశ్న. టోకు కంపెనీల మీద ఒత్తిడి తేవడానికి అందరికన్నా ముందు ప్రయత్నించింది ఎవరు?* (అ) గృహిణులు (ఆ) చిల్లర దుకాణదారులు (ఇ) పోలీసులు (ఈ) ప్రార్థనా మందిరాల పెద్దలు. జవాబు (ఆ). కథంతా గృహిణులది కాబట్టి (అ) మీదికి చెయ్యి పోతుంది. ప్రశ్నలో 'అందరికన్నా ముందు' అన్న మాట, పేసేజీలో 'మొదట తామే' అన్న మాట రెండూ కలిసే చోటే జవాబు ఉంది. వరస అడిగే ప్రశ్నల్లో ఇలాంటి జంట మాటలు వెతకండి.

*రెండో ప్రశ్న. ఉద్యమం ముగిసేనాటికి ధర విషయంలో ఏది సరైనది?* (అ) పాత ధరకు దిగింది (ఆ) పాత ధర కన్నా 2 సెంట్లు ఎక్కువగా నిలిచింది (ఇ) సగానికి తగ్గింది (ఈ) 6 సెంట్లు తగ్గింది. జవాబు (ఆ). 'ధర దిగింది' అని చదవగానే 'గెలిచారు, పాత ధరకు వచ్చింది' అనుకుంటాం. 14 అనే అంకెను 12 పక్కన పెట్టి చూస్తే చాలు. (ఈ)లోని 6 పెరిగిన సొమ్ము. తగ్గింది 4 మాత్రమే. (ఇ) వెనుక శాతాల గందరగోళం ఉంది. 12 నుంచి 18 అంటే 50 శాతం పెరుగుదల, కానీ 18 నుంచి 14 అంటే దాదాపు 22 శాతమే తగ్గుదల. శాతం ఎప్పుడూ బయల్దేరిన అంకె మీద లెక్క కట్టాలి.

*మూడో ప్రశ్న. గద్యాన్ని బట్టి కిందివాటిలో ఏది ఊహించవచ్చు?* (అ) పురుషులు ఉద్యమాన్ని వ్యతిరేకించారు (ఆ) అక్కడివారికి మాంసం అలవాటు లేదు (ఇ) పురుషుల మద్దతు ఉంటే ఉద్యమానికి బలమని మహిళలు భావించారు (ఈ) ప్రార్థనా మందిరాలే ఉద్యమాన్ని నడిపాయి. జవాబు (ఇ). ఊహ అంటే ఒక్క అడుగు. పేసేజీలోని వాక్యం నుంచి ఒకే అడుగులో చేరగలిగితే అది సరైన ఊహ. మద్దతు అడిగారంటే మద్దతు పనికొస్తుందని అనుకున్నారు, ఇది ఒక అడుగు. మద్దతు అడిగారంటే ముందు వ్యతిరేకించారు అనడానికి ఇంకో వాక్యం కావాలి, అది పేసేజీలో లేదు. (అ) నిజమే కావచ్చు, అబద్ధమే కావచ్చు, మనకు సంబంధం లేదు. ఊహ ప్రశ్నల్లో తప్పు జవాబులు చాలావరకు ఈ రెండో అడుగు మీదే నిలబడి ఉంటాయి.

*నాలుగో ప్రశ్న. మహిళలు చేసినట్టు గద్యంలో చెప్పనిది ఏది?* (అ) ఇంటింటికీ తిరగడం (ఆ) నగర మేయర్‌కు వినతిపత్రం ఇవ్వడం (ఇ) దుకాణాల ముందు నిలబడటం (ఈ) ప్రార్థనా మందిరాలకు వెళ్లడం. జవాబు (ఆ). 'చెప్పనిది', 'కానిది', ఇంగ్లిష్‌లో 'నాట్', 'ఎక్సెప్ట్' కనిపిస్తే ఆ మాట చుట్టూ సున్నా చుట్టండి. ఆపైన ఒక్కో ఐచ్ఛికం పక్కన 'ఉంది' అనో 'లేదు' అనో రాయండి. మూడు 'ఉంది'లు వచ్చాకే నాలుగోది గుర్తించండి. మొదటి ఐచ్ఛికం పేసేజీలో కనిపించగానే, అదే జవాబని పెట్టేసి ముందుకు పోవడం ఇక్కడ అందరూ చేసే తప్పు.

*అయిదో ప్రశ్న. 'రంగంలోకి దిగారు', 'ధర దిగింది' అన్న చోట్ల 'దిగు' అర్థాలు వరసగా ఏవి?* మొదటిది పూనుకోవడం, రెండోది తగ్గడం. పదాల అర్థం అడిగినప్పుడు నిఘంటువులో మొదట ఉండే అర్థం పనికిరాదు. ఐచ్ఛికాన్ని ఆ మాట స్థానంలో పెట్టి వాక్యం చదవండి. 'గృహిణులు రంగంలోకి తగ్గారు' అంటే వాక్యం నిలబడదు. 'పాకింది' అనే మాటకూ ఇదే పరీక్ష: ఉద్యమం నేల మీద పాకదు, విస్తరిస్తుంది.

*ఆరో ప్రశ్న. గద్యానికి తగిన శీర్షిక ఏది?* (అ) న్యూయార్క్ చరిత్ర (ఆ) మే 15 అరెస్టులు (ఇ) ధర పెరుగుదలపై గృహిణుల బహిష్కరణ (ఈ) యూదుల ఆహారపు అలవాట్లు. (అ) మరీ పెద్దది, (ఆ) ఒక్క వాక్యానికే సరిపోతుంది, (ఈ) పక్క విషయం. శీర్షిక ప్రశ్నకు కొలత మన ఆరు గళ్లే. కనీసం నాలుగు గళ్లను కప్పే శీర్షికే సరైనది.

రచయిత వైఖరి అడిగితే? ఈ గద్యంలో మెచ్చుకోలు మాట లేదు, తిట్టు మాట లేదు. కనుక తటస్థం. ఉద్యమం చేసినవాళ్ల మీద మనకు జాలి, అభిమానం కలుగుతాయి, కలగాలి కూడా. కానీ ఆ భావం పాఠకుడిది. రచయితది అనడానికి 'సాహసం', 'దారుణం', 'మూర్ఖత్వం' లాంటి ఒక మాటైనా పేసేజీలో కనిపించాలి.

కారణమా, తర్వాత జరిగిందా

చరిత్ర పేసేజీల్లో అన్నిటికన్నా లోతైన ఉచ్చు ఇదే. ఒకటి జరిగాక ఇంకోటి జరిగితే, మొదటిది రెండోదానికి కారణం అనుకుంటాం. మూడు నిజమైన ఉదాహరణలు చూడండి.

1791లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని రద్దుచేసే బిల్లును తోసిపుచ్చింది. ఆ తర్వాత ఎన్నో కుటుంబాలు, బానిసలతో పండించిన వెస్టిండీస్ పంచదార కొనడం మానేశాయి. బానిస వ్యాపారాన్ని నిషేధించిన చట్టం వచ్చింది 1807లో. 'పంచదార బహిష్కరణ ఫలితంగా వెంటనే చట్టం వచ్చింది' అనే ఐచ్ఛికం రెండు విధాల తప్పు. మధ్యలో 16 ఏళ్లు ఉన్నాయి. పైగా పేసేజీ 'ఫలితంగా' అని చెప్పనంత వరకు మనం చెప్పకూడదు.

మాంట్‌గోమరీలో బస్సులో తెల్లవారికి సీటు వదలని నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌ను 1955 డిసెంబర్ 1న అరెస్టు చేశారు. బహిష్కరణ మొదలైంది డిసెంబర్ 5న. బస్సుల్లో విడి సీట్ల పద్ధతి రాజ్యాంగ విరుద్ధమన్న తీర్పును అమెరికా సుప్రీంకోర్టు 1956 నవంబర్ 13న సమర్థించింది. జనం మాత్రం ఆ ఉత్తర్వు చేతికందేదాకా, అంటే డిసెంబర్ 20 దాకా బస్సెక్కలేదు. మొత్తం 381 రోజులు. ఇక్కడ నాలుగు తేదీలు, నాలుగు సంఘటనలు. 'ఎప్పుడు మొదలైంది' అంటే డిసెంబర్ 1 అని రాసేవాళ్లు చాలామంది. విడి సీట్ల పద్ధతిని చట్టపరంగా ఆపింది ఏది అంటే కోర్టు తీర్పు. బహిష్కరణ పట్టుదల నిలబెట్టింది, కంపెనీ ఆదాయం మీద దెబ్బకొట్టింది. రెండిటి పాత్రనూ విడివిడిగా చూడకపోతే ఆ ప్రశ్న పోతుంది. తేదీలు మూడుకు మించితే ఆరో గడి పక్కన ఒక అడ్డగీత గీసి తేదీలను వరసలో పెట్టుకోండి.

మూడోది మన దేశానిది. సహాయ నిరాకరణ రోజుల్లో, 1921, 1922 మధ్య విదేశీ వస్త్రాల దిగుమతి విలువ 102 కోట్ల రూపాయల నుంచి 57 కోట్లకు పడిపోయింది. అయినా పట్టణాల్లో ఉద్యమం క్రమంగా నెమ్మదించింది. మిల్లు బట్ట కన్నా ఖాదీ ఖరీదు ఎక్కువ, పేదవాళ్లు కొనలేకపోయారు. ఇక్కడ లెక్క ప్రశ్న వస్తే: 102లో సగం 51. విలువ 57కి దిగింది కాబట్టి 'సగానికి పైగా తగ్గింది' తప్పు, 'దాదాపు సగం తగ్గింది' ఒప్పు. తగ్గుదల 45 కోట్లు. కారణం ప్రశ్న వస్తే పేసేజీ చెప్పిన ఖరీదు సంగతే రాయాలి. మగ్గాల ఇళ్లలో పెరిగిన పిల్లలకు నూలు దొరకకపోవడం, నేతకు పట్టే సమయం వంటి సంగతులు కళ్లారా తెలుసు. అవి నిజాలే. పేసేజీలో లేకపోతే మాత్రం జవాబులోకి రాకూడదు.

తెలిసిన సంగతి అడ్డం వస్తే

పేసేజీకీ మీకు తెలిసినదానికీ తేడా వచ్చినప్పుడు పేసేజీయే ప్రమాణం. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహం గురించి రాస్తూ 'మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం' అంటే ఒడిశా పిల్లలు అది తప్పని కొట్టేస్తారు. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు ఒడిశాలో చేరింది 1936 ఏప్రిల్ 1న. 1930లో అవి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. నేటి జిల్లా పటాన్ని నాటి పేసేజీ మీద పరచకండి. గజపతి, రాయగడ జిల్లాలు 1992లో విడిపోయినవని గుర్తుంటే ఇంకా మంచిది.

దండి యాత్రలో గాంధీతో నడిచినవారు 78 మంది అని ఒక పుస్తకంలో, గాంధీతో కలిపి 79 అని ఇంకోదానిలో చదివి ఉంటారు. దూరాన్ని 240 మైళ్లని ఒకచోట, కిలోమీటర్లలోకి మార్చి మరోచోట రాస్తారు. పేసేజీలో ఏ అంకె ఉంటే అదే మీ అంకె. పరీక్ష హాల్లో చరిత్రకారులతో వాదన పెట్టుకోవద్దు.

మాటలు: ఒడియా అర్థం తెలుగు వాక్యంలోకి రాకుండా

బడిలో రోజూ ఒడియా చదివే పిల్లలు తెలుగు పేసేజీలో అదే సంస్కృత పదం చూడగానే ఒడియా అర్థం పెట్టుకుంటారు. శ్రద్ధ లేక జరిగే తప్పు కాదిది, అలవాటు వల్ల జరిగేది. సరిహద్దు పిల్లలకు ఇది ఎవరూ విడిగా చెప్పరు. ఉద్యమాల పేసేజీల్లో ఎక్కువగా తగిలే జంటలు ఇవి:

ఒడియాలో 'శిక్షా' అంటే చదువు, తెలుగులో శిక్ష అంటే దండన. 'మహిళలకు శిక్ష పడింది' అన్న వాక్యం చదువు గురించి కాదు.
ఒడియాలో 'అనుమాన' అంటే ఊహ, అంచనా. తెలుగులో అనుమానం అంటే సందేహం. ఊహ ప్రశ్నల్లో ఈ జంట నేరుగా దెబ్బతీస్తుంది.
ఒడియాలో 'అభియోగ' మామూలు ఫిర్యాదుకూ వాడతారు. తెలుగులో అభియోగం అంటే నేరం మోపడం.
ఒడియాలో 'ఆపత్తి' అంటే అభ్యంతరం. తెలుగులో ఆపత్తు అంటే ఆపద.
ఒడియాలో 'చేష్టా' అంటే ప్రయత్నం. తెలుగులో చేష్ట అంటే చేసే పని, తరచూ వెకిలి పని.
ఒడియాలో 'ఉపన్యాస' అంటే నవల. తెలుగులో ఉపన్యాసం అంటే ప్రసంగం. బిపిన్ చంద్ర పాల్ 1907లో రాజమండ్రిలో ఇచ్చిన ఉపన్యాసాలు నవలలు కావు.

వ్యాపారం మాటలు కూడా సరిచూసుకోండి. ఒడియా 'ఖాఉటి' తెలుగులో వినియోగదారు. 'పాయికారీ' టోకు, 'ఖుచురా' చిల్లర, 'దరదామ్' ధరవరలు. పైన మాంసం పేసేజీలో టోకు, చిల్లర మాటలు తారుమారైతే రెండో గడి మొత్తం తప్పుతుంది.

నిరసన రూపాల పేర్లూ ఐచ్ఛికాల్లో కలిపేస్తారు. సమ్మె పనిచేసేవాళ్లది, వాళ్లు పని మానేస్తారు. బహిష్కరణ కొనేవాళ్లది. హర్తాళ్ అంటే దుకాణాలు మూయడం. పికెటింగ్ అంటే దుకాణం ముందు నిలబడి వచ్చేవారిని ఆపడం. నిషేధం ప్రభుత్వం విధించేది. 'ప్రజలు విదేశీ వస్త్రాలను నిషేధించారు' అని ఐచ్ఛికంలో ఉంటే ఒక్క క్షణం ఆగండి. ప్రజలు బహిష్కరిస్తారు, నిషేధించేది అధికారం ఉన్నవాళ్లు. బాయ్‌కాట్ అనే మాట ఐర్లండులోని మేయో ప్రాంతంలో ఎస్టేటు వ్యవహారాలు చూసిన కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ పేరు నుంచి వచ్చింది. 1880లో స్థానికులు అతని పొలంలో పనికి వెళ్లలేదు, సరుకులు అమ్మలేదు, మాట్లాడలేదు. మన పల్లెల్లో 'వెలివేయడం' అనేదానికి దగ్గర. కాబట్టి ఇంగ్లిష్ పేసేజీలో ఆ మాట కనిపిస్తే అది వస్తువు మీదా, మనిషి మీదా అన్నది చూసుకోవాలి.

రాసే జవాబులు

మెట్రిక్ స్థాయిలో గుర్తింపు ప్రశ్నలతో పాటు సొంత మాటల్లో రాసేవి వస్తాయి. మార్కుకు ఒక సంగతి చొప్పున లెక్క వేసుకోండి. 'గృహిణులు ఎందుకు పూనుకోవాల్సి వచ్చింది? 2 మార్కులు' అంటే రెండు సంగతులు కావాలి. పేరా మొత్తం ఎత్తి రాస్తే, అందులో జవాబు ఉన్నా, అర్థమైందని చూపినట్టు కాదు. ఇలా రాయండి: "చిల్లర దుకాణదారులు అమ్మకాలు ఆపినా మాంసం ధర తగ్గలేదు. మతాచారం వల్ల వేరే దుకాణాల్లో కొనే వీలు లేదు కాబట్టి గృహిణులే బహిష్కరణకు పూనుకున్నారు." రెండు వాక్యాలు, రెండు సంగతులు, ప్రశ్నలోని మాట జవాబులోనూ ఉంది. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ప్రశ్న భూతకాలంలో ఉంటే జవాబూ భూతకాలంలోనే ఉండాలి. చరిత్ర సంగతికి వర్తమాన కాలం వాడటం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు.

చిహ్నాల గురించి అడిగితే వస్తువును దాని వాడుకతో కలిపి చెప్పండి. 1970లలో ముంబయిలో మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ వంటివారి నాయకత్వంలో ధరల పెరుగుదలకు వ్యతిరేకంగా మహిళలు లాటణాలు, అంటే అప్పడాల కర్రలు పట్టుకుని, పళ్లేలు మోగిస్తూ ఊరేగారు. అప్పడాల కర్ర ఎందుకు? అది వంటింటి పనిముట్టు, పెరిగిన ధర మొదట తగిలేది వంటింటికే. 'ఆయుధంగా కొట్టడానికి' అని రాస్తే మార్కు రాదు.

సమయం, కోత

సీటెట్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు, తప్పుకు కోత లేదు. అక్కడ పేసేజీని తీరిగ్గా రెండుసార్లు చదవవచ్చు, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (డిగ్రీవారికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) మొదటి అంచెలో 100 ప్రశ్నలకు 60 నిమిషాలే, అంటే ప్రశ్నకు 36 సెకన్లు. అక్కడ ఆరు గళ్లు గీసే వ్యవధి ఉండదు. అంకెలు, మలుపు మాటలు మాత్రం గుర్తుపెట్టి, మిగతా గళ్లు మనసులో నింపాలి. ఆ వేగం ఇంట్లో కాగితం మీద గళ్లు నింపిన అభ్యాసంతోనే వస్తుంది. ఆ పరీక్షలో ఒప్పుకు 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. రెండు ఐచ్ఛికాలు కొట్టేయగలిగితే మిగిలిన రెండిట్లో ఒకటి గుర్తించడం లాభమే: సగటున ప్రశ్నకు 0.75 మార్కు వస్తుంది. ఒక్కటీ కొట్టేయలేకపోతే వచ్చేది 0.125 మాత్రమే, ఆ సమయం వేరే ప్రశ్నకు వాడుకోండి.

ఇంట్లో సాధన

వారానికి మూడు పేసేజీలు చాలు, కానీ ఒక్కోదాని మీద గంట గడపండి. ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లిష్, ఒకటి ఒడియా. బడి చరిత్ర పుస్తకంలో స్వదేశీ ఉద్యమం, సహాయ నిరాకరణ, శాసనోల్లంఘన పాఠాల నుంచి 200 మాటల పేరాలు తీసుకోండి. మొదటి రెండు వారాలు గడియారం చూడకండి. మూడో వారం నుంచి పేసేజీకి 8 నిమిషాలు పెట్టండి.

జవాబులు సరిచూశాక తప్పును ఊరికే దిద్దకండి, ఏ రకం తప్పో నోటుబుక్కులో ఒక్క అక్షరంతో రాయండి. 'లె' అంటే లెక్క, 'ఎ' అంటే ఎవరు ఎవరన్నది తారుమారు, 'బ' అంటే బయటి జ్ఞానం, 'మా' అంటే మాట అర్థం, 'కా' అంటే కారణం, 'నా' అంటే 'కానిది' అన్న మాట చూడకపోవడం. నెల తిరిగేసరికి ఏ అక్షరం ఎక్కువసార్లు పడిందో కనిపిస్తుంది. 'మా' ఎక్కువైతే పై జంటల జాబితా పెంచుకోండి. 'బ' ఎక్కువైతే ప్రతి జవాబు పక్కనా పేసేజీలో అది ఎన్నో వాక్యమో అంకె వేయడం అలవాటు చేసుకోండి. 'ఎ' ఎక్కువైతే రెండో గడిని అందరికన్నా ముందు నింపండి.

ఇద్దరు ముగ్గురు కలిసి చదువుకుంటే ఇంకో పని చేయండి. మీ ఊరి సంతలో ఏదో ఒక సరుకు ధర రెండు వారాలు రాసుకుని, దాని మీద పది వాక్యాల పేసేజీ మీరే తయారుచేయండి. నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు తప్పు ఐచ్ఛికాలు రాసి ఎదుటివాళ్లకు ఇవ్వండి. నమ్మదగిన తప్పు ఐచ్ఛికం రాయడం ఎంత కష్టమో, దాన్ని ఎక్కడి నుంచి తెస్తారో చేతితో రాస్తే తెలుస్తుంది: పేసేజీలోని మాటే తీసుకుని వేరే మనిషికి అంటగట్టడం, అంకెను అటూ ఇటూ మార్చడం, 'కొందరు'ను 'అందరూ' చేయడం. ఆ తర్వాతి పేసేజీలో 'అందరూ', 'ఎప్పుడూ', 'మాత్రమే' అన్న మాటలు కనిపించగానే మీ పెన్సిల్ అక్కడ ఆగుతుంది.